చీమకుర్తి గ్రానైట్ యూనిట్ సర్వర్‌లో రెండు డిస్కుల మిర్రరింగ్: ఉన్న డేటా పోకుండా ఎలా మొదలుపెట్టాలి?

ప్రశ్న: గెలాక్సీ యార్డు, చీమకుర్తి

అందరికీ నమస్కారం. నేను చీమకుర్తి దగ్గర ఒక గ్రానైట్ కటింగ్, పాలిషింగ్ యూనిట్‌లో లెక్కలు చూస్తాను. కంప్యూటర్ల సంగతి తెలిసినవాళ్లు వేరే ఎవరూ లేనందువల్ల ఆఫీసు సర్వర్ బాధ్యత కూడా నాలుగేళ్లుగా నా మీదే ఉంది. పాలిష్ అయిన ప్రతి స్లాబును ఫొటో తీసి, బ్లాకు నంబరు, బండిల్ నంబరు, పొడవు వెడల్పులతో సహా సర్వర్‌లో పెడతాము. గెలాక్సీ రాయిలో బంగారు చుక్కల ఒత్తు ఒక్కో స్లాబుకు ఒక్కో రకంగా ఉంటుంది కాబట్టి, దూరాన ఉన్న కొనుగోలుదారులు ఆ ఫొటోలు చూసే సరుకు ఖాయం చేస్తారు; తర్వాత ఏదైనా తగాదా వచ్చినా ఆ ఫొటోయే మాకు ఆధారం. టాలీ డేటా కూడా అందులోనే ఉంది.

సర్వర్ అంటున్నాను గానీ అది మామూలు డెస్క్‌టాప్ కంప్యూటరే. 8 జీబీ మెమరీ, డెబియన్ లినక్స్, సిస్టమ్ కోసం 240 జీబీ ఎస్‌ఎస్‌డీ, డేటా కోసం ఒకే ఒక 4 టీబీ హార్డ్ డిస్కు ఉన్నాయి. డిస్కులో ఇప్పటికి 2.1 టీబీ నిండింది. సాంబా అనే ఫైళ్లు పంచే సాఫ్ట్‌వేర్ ద్వారా ఆరు విండోస్ కంప్యూటర్లు దాన్ని వాడుకుంటాయి. గత నెలలో ఒక రోజు ఆ డిస్కు ఉన్నట్టుండి కనిపించకుండా పోయింది. సర్వర్ ఆపి మళ్లీ ఆన్ చేస్తే వచ్చింది గానీ, ఆ రెండు గంటలు నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. మా యజమానికి చెబితే వెంటనే ఇంకొక 4 టీబీ డిస్కు తెప్పించి ఇచ్చారు. రెండు డిస్కులలోనూ ఎప్పుడూ ఒకే డేటా ఉండేలా చేసి, ఒకటి పోయినా పని ఆగకుండా చూసుకోవాలని నా ఉద్దేశం.

ఉన్న డిస్కులోని డేటాను చెరపకుండా దాన్ని మిర్రర్‌గా మార్చే దారి ఉందా అన్నది నా ప్రధాన ప్రశ్న. మదర్‌బోర్డు సెట్టింగులలోనే రెయిడ్ (కొన్ని డిస్కులను కలిపి ఒకటిగా వాడే పద్ధతి) అనే ఎంపిక కనిపిస్తున్నది. దాన్ని వాడాలా, లినక్స్‌తోనే చేసుకోవాలా అన్నది కూడా తేల్చుకోలేకపోతున్నాను. మరొక సంగతి: పెద్ద కటింగ్ మెషీన్లు స్టార్ట్ అయిన ప్రతిసారీ ఆఫీసులో లైట్లు మసకబారి యూపీఎస్ కూత పెడుతుంది. మిర్రరింగ్ ఉంటే ఈ కరెంటు బెడద నుంచి కూడా కాపు దొరుకుతుందా?

జవాబు: కొత్తపట్నం తీరం, ఒంగోలు

మీ చివరి ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే అక్కడ అపోహ ఉంటే మిగతాదంతా వృథా అవుతుంది. మిర్రరింగ్ కాపాడేది ఒక డిస్కు తనంత తాను చెడిపోయిన సందర్భంలో మాత్రమే. రెండు డిస్కులూ ఒకే పవర్ సప్లయ్ మీద, ఒకే పెట్టెలో ఉంటాయి కాబట్టి కరెంటు దెబ్బ తగిలితే రెండింటికీ తగులుతుంది. ఎవరైనా పొరపాటున ఒక ఫోల్డర్ చెరిపితే అది రెండు చోట్లా అదే క్షణంలో చెరిగిపోతుంది. విండోస్ కంప్యూటర్లలో ఒకదానికి వైరస్ పట్టి ఫైళ్లను తాళం వేసినా అంతే. అందువల్ల రెండో డిస్కుతోపాటు, బయట ఉండే మూడో డిస్కు ఒకటి మీకు తప్పనిసరి. దాన్ని కొనే వరకు దయచేసి ఈ పని మొదలుపెట్టవద్దు. ముందు 2.1 టీబీ మొత్తాన్ని దాని మీదికి కాపీ చేసి, సర్వర్ నుంచి ఊడదీసి పక్కన పెట్టండి.

మదర్‌బోర్డు రెయిడ్ జోలికి వెళ్లకండి. ఆ బోర్డు కాలిపోయిన రోజున, ఆ డిస్కులను గుర్తుపట్టే మరో బోర్డు కోసం వెతుక్కునే పరిస్థితి రావచ్చు. లినక్స్‌లో ఉన్న ఎండీ అనే సాఫ్ట్‌వేర్ రెయిడ్, దాన్ని నడిపే ఎండీఏడీఎం అనే సాధనం చాలా ఏళ్లుగా వాడుకలో నలిగినవి. వాటితో చేసిన జంటలో ఏ ఒక్క డిస్కునైనా తీసుకెళ్లి మరో లినక్స్ కంప్యూటర్‌కు తగిలిస్తే డేటా చదువుకోవచ్చు. చిన్న ఆఫీసుకు ఇంతకంటే పెద్ద ధైర్యం లేదని నా అభిప్రాయం.

ఇక ఉన్న డేటా పోకుండా మార్చడం. ఇందులో కిటుకు ఏమిటంటే, జంటను మొదట ఒక్క డిస్కుతోనే కట్టవచ్చు. కొత్త డిస్కును ముందు, డిస్కు ఆరోగ్యం చూసే స్మార్ట్‌సీటీఎల్ సాధనంతో దీర్ఘ పరీక్షకు పెట్టండి. 4 టీబీ డిస్కుకు అది ఏడెనిమిది గంటలు, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువ తీసుకుంటుంది. పరీక్షలో నెగ్గాక జీపీటీ పద్ధతిలో ఒకే పార్టిషన్ (డిస్కులో విడగొట్టిన భాగం) చేయండి, కానీ చివర ఒక 100 ఎంబీ ఖాళీ వదలండి. 4 టీబీ అని రాసి ఉన్న డిస్కులన్నీ సెక్టార్ల (డేటా రాసే చిన్న గడుల) లెక్కలో కచ్చితంగా సమానంగా ఉండవు. రేపు వేరే కంపెనీ డిస్కు తెచ్చినప్పుడు అది కాస్త చిన్నదై జంటలో చేరనంటే, అప్పుడు ఈ 100 ఎంబీ విలువ తెలుస్తుంది. తర్వాత ఎండీఏడీఎంతో లెవెల్ 1 (అంటే మిర్రరింగ్), రెండు పరికరాలు అని చెప్పి, మొదటి పరికరంగా కొత్త పార్టిషన్‌ను, రెండో పరికరం స్థానంలో మిస్సింగ్ అనే మాటను ఇవ్వండి. రెండో సగం ఇంకా రాలేదు, వచ్చాక కలుపుతాను అని దాని అర్థం. దాని మీద ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ వేసి, పాత డిస్కు నుంచి ఆర్‌సింక్ అనే కాపీ సాధనంతో డేటా కాపీ చేయండి. మొదటి కాపీ ఆఫీసు పని నడుస్తుండగానే చేయవచ్చు. సాయంత్రం సాంబాను ఆపి రెండోసారి ఆర్‌సింక్ నడిపితే మధ్యలో మారిన ఫైళ్లు మాత్రమే వెళ్తాయి. మూడోసారి చెక్‌సమ్ (ఫైలులోని డేటా నుంచి లెక్కకట్టే సరిచూపు సంఖ్య) పోలికతో, ఏమీ రాయకుండా చూసే పద్ధతిలో నడిపి, తేడా ఒక్కటీ లేదని కళ్లతో చూసుకోండి.

ఇక్కడ తొందరపడవద్దని మరీ మరీ చెబుతున్నాను. సాంబాను కొత్త జంట వైపు మళ్లించి, పాత డిస్కును ముట్టుకోకుండా ఒక వారం పని నడపండి. అంతా సరిగ్గా ఉందని నమ్మకం కుదిరాకే పాత డిస్కును తుడిచి, అదే కొలతతో పార్టిషన్ చేసి జంటలో కలపండి. కలిపిన క్షణం నుంచి కొత్త డిస్కులోని ప్రతి సెక్టారునూ చదివి పాతదాని మీద రాయడం మొదలవుతుంది. డేటా 2.1 టీబీయే ఉన్నా ఎండీ మొత్తం 4 టీబీనీ రాస్తుంది, ఎందుకంటే దానికి ఫైళ్ల సంగతి తెలియదు. సెకనుకు సగటున 150 ఎంబీ వేగం వస్తే దాదాపు ఏడున్నర గంటలు పడుతుంది. ప్రాక్ డైరెక్టరీలోని ఎండీస్టాట్ ఫైలులో రెండు యూ అక్షరాలు పక్కపక్కన కనిపిస్తే జంట పూర్తయినట్టు. ఒక యూ పక్కన అడ్డగీత ఉంటే సగమే ఉన్నట్టు.

జంట వివరాలను ఎండీఏడీఎం కాన్ఫ్ ఫైలులో చేర్చి, బూట్ మొదట్లో వాడే ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌ను తప్పక అప్‌డేట్ చేయండి. లేకపోతే రీస్టార్ట్ తర్వాత జంట పేరు 127 నంబరుకు మారి మిమ్మల్ని కంగారు పెడుతుంది. ఏ డిస్కు ఎక్కడ తెరుచుకోవాలో చెప్పే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైలులో పేరు బదులు యూయూఐడీ అనే మారని గుర్తింపు సంఖ్య రాసుకోవడం అన్ని విధాలా మంచిది.

డిస్కుల రకం గురించి కూడా ఒక మాట. సాధారణ డెస్క్‌టాప్ డిస్కు చదవలేని సెక్టారు తగిలితే దాని కోసం నిమిషాల తరబడి పెనుగులాడవచ్చు. లినక్స్ మాత్రం మామూలుగా 30 సెకన్లు ఆగి డిస్కును రీసెట్ చేస్తుంది. ఈ రెండింటికీ పొంతన కుదరక, ఒక్క సెక్టారు కోసం డిస్కు మొత్తం జంటలోంచి బయటికి పోతుంది. డిస్కు ఒప్పుకుంటే ఈఆర్‌సీ (చదవలేని సెక్టారు కోసం డిస్కు ప్రయత్నించే) గడువును 7 సెకన్లకు పెట్టండి. ఒప్పుకోకపోతే లినక్స్ వైపు గడువును 180 సెకన్లకు పెంచండి. ఇవి పవర్ పోతే మాసిపోయే సెట్టింగులు కాబట్టి ప్రతి బూట్‌లోనూ పెట్టేలా రాసుకోవాలి.

కరెంటు విషయంలో మీకు కావలసింది, యూపీఎస్ నుంచి సర్వర్‌కు యూఎస్‌బీ తీగ. నట్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టుకుంటే బ్యాటరీ అడుగంటుతున్నప్పుడు సర్వర్ తనంత తాను పద్ధతిగా ఆగిపోతుంది.

జవాబు: పెన్నా ఒడ్డు, నెల్లూరు

పై జవాబులో చెప్పిన పద్ధతి సరైనదే. అయితే జంట కట్టడం ఒక్క పూట పని. దాన్ని ఏళ్ల తరబడి కనిపెట్టుకుని ఉండటమే అసలు పని. ఆ మాట నేను ఎంత నష్టపడి తెలుసుకున్నానో చెబుతాను, మీకు ఉపయోగపడవచ్చు.

నెల్లూరులో ఒక రోగనిర్ధారణ కేంద్రానికి నేను ఇలాంటి జంటనే కట్టి ఇచ్చాను. కట్టిన ఏడాదికి ఒక డిస్కు జంటలోంచి బయటికి పోయింది. ఎండీఏడీఎం తన పని తాను చేసి హెచ్చరిక పంపింది కానీ, అది ఆ సర్వర్‌లోనే రూట్ యూజర్ (నిర్వాహకుడి) మెయిల్‌బాక్సులో పడింది. ఆ పెట్టెను తెరిచి చూసేవాళ్లు ఎవరూ లేరు. ఐదు నెలలు ఆ సర్వర్ ఒంటి డిస్కు మీద నడిచింది. ఒక రోజు మిగిలిన డిస్కు కూడా చప్పుడు చేస్తోందని పిలిస్తే వెళ్లాను. పెట్టె తెరిస్తే ఒకే కంపెనీ, ఒకే మోడల్ డిస్కులు రెండు, ఏ గుర్తూ లేకుండా పక్కపక్కన ఉన్నాయి. చెడిపోయింది ఇదేనని అనుకుని ఒకదాన్ని తీసి సర్వర్ ఆన్ చేశాను. నేను తీసింది ఐదు నెలలుగా పని చేస్తున్న డిస్కు. ఎప్పుడో బయటికి పోయిన పాత డిస్కు ఒంటరిగా లేచి, ఐదు నెలల కిందటి డేటాతో చక్కగా పని మొదలుపెట్టింది. వాళ్లకు వెంటనే తెలియలేదు. ఆ మధ్యాహ్నం వరకు కొత్త రోగుల వివరాలను పాత డేటా మీద ఎక్కించారు. ఆ పూట ఎక్కించిన వివరాలన్నీ కాగితాల నుంచి తిరిగి టైపు చేయవలసి వచ్చింది, ఆ శ్రమకు కారణం పూర్తిగా నేనే.

అందుచేత మీరు పార్టిషన్ చేయడానికి ముందే రెండు డిస్కుల సీరియల్ నంబర్లనూ స్టిక్కర్ల మీద పెద్ద అక్షరాలతో రాసి, పెట్టె తెరవగానే కంటబడే వైపున అంటించండి. లినక్స్ డిస్కులకు ఇచ్చే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అనే పేర్లను నమ్మకండి, అవి ఒక బూట్ నుంచి మరొక బూట్‌కు తారుమారు కావచ్చు. సీరియల్ నంబరు మారదు. ఎప్పుడైనా ఏ డిస్కు కొత్తదో ఏది పాతదో అనుమానం వస్తే, ఎండీఏడీఎం ఎగ్జామిన్ చూపే ఈవెంట్ల (మార్పుల) లెక్క ఎక్కువ ఉన్నదే తాజా డిస్కు. ఆ రోజు నేను ఈ ఒక్క అంకె చూసి ఉంటే చాలేది.

హెచ్చరిక మీ ఫోనుకు రావాలి. కాన్ఫ్ ఫైలులో ప్రోగ్రామ్ అనే వరుస ఇచ్చి, మీ ఫోనుకు సందేశం పంపే చిన్న స్క్రిప్టును అక్కడ పెట్టవచ్చు. పెట్టాక ఎండీఏడీఎం మానిటర్‌ను టెస్ట్ ఎంపికతో నడిపి, సందేశం నిజంగా చేరిందో లేదో చూడండి. అలాగే డెబియన్ ప్రతి నెలా మొదటి ఆదివారం అర్ధరాత్రి దాటాక జంటలోని రెండు వైపులనూ చదివి పోల్చుతుంది. ఎవరూ తెరవని పాత ఫొటోలున్న చోట పాడైన సెక్టార్లు ఈ పోలికలోనే బయటపడతాయి. మీ యూనిట్‌లో ఆదివారం సర్వర్ ఆపేస్తారేమో చూసుకోండి. అలా అయితే ఆ పరీక్ష ఎన్నటికీ జరగదు.

మూడో డిస్కు ఆఫీసులోనే ఉంటే సరిపోదని కూడా చెప్పాలి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. దానికి ముందు నెల్లూరులో కురిసిన వానకు నేను చూసే రెండు ఆఫీసుల్లో సర్వర్లను బల్లల మీదికి ఎత్తవలసి వచ్చింది. బ్యాకప్ డిస్కు వేరే ఇంట్లో ఉంటే ఆ రాత్రి నిద్ర పడుతుంది.

జవాబు: రైల్వే గేటు ఫొటోలు, కావలి

ఇద్దరూ చెప్పిన జాగ్రత్తలతో నాకు భేదం లేదు, కానీ ఫొటోలే ప్రాణమైన చోట ఎండీ కంటే జడ్‌ఎఫ్‌ఎస్ (మిర్రరింగ్ తనలోనే ఉన్న ఫైల్ సిస్టమ్) మేలని నా గట్టి అభిప్రాయం. నేను పెళ్లి వీడియోలు, ఫొటోలు దాచే సర్వర్‌ను జడ్‌ఎఫ్‌ఎస్ మిర్రర్ మీదే నడుపుతున్నాను. ఎండీ పోల్చినప్పుడు రెండు వైపులా తేడా కనిపిస్తే, ఏ వైపున ఉన్నది సరైనదో దానికి తెలియదు. తేడా ఉందని లెక్క మాత్రం చెబుతుంది. జడ్‌ఎఫ్‌ఎస్ ప్రతి బ్లాకుకూ చెక్‌సమ్ దాచుకుంటుంది కాబట్టి, చెడిన ప్రతిని గుర్తుపట్టి, మంచి ప్రతితో దాన్ని సరిదిద్దుతుంది. పైగా స్నాప్‌షాట్లు (ఒక క్షణంలో డేటా ఉన్న స్థితిని నిలిపి ఉంచే నకళ్లు) ఉంటాయి: విండోస్ కంప్యూటర్ నుంచి ఎవరైనా ఫోల్డర్ చెరిపినా, సర్వర్‌లో గంట కిందటి స్నాప్‌షాట్ చెక్కు చెదరదు. 8 జీబీ మెమరీ మీ పనికి సరిపోతుంది.

ఒకవేళ అటు వెళ్తే ఒక మాట విషయంలో ప్రాణం పెట్టి జాగ్రత్త పడండి. ఒంటి డిస్కు పూల్‌కు (జడ్‌ఎఫ్‌ఎస్ డిస్కుల సమూహానికి) రెండోదాన్ని జతచేయడానికి వాడవలసిన ఆజ్ఞ అటాచ్. యాడ్ అని ఇస్తే మిర్రర్ రాదు. డేటా రెండు డిస్కుల మీదా చీలి, ఏ ఒక్కటి పోయినా మొత్తం పోయే స్థితి వస్తుంది. మీ పాత డిస్కు ఎస్‌ఎంఆర్ (రాత వరుసలు ఒకదానిమీద ఒకటి కొంత పడే) రకమా అన్నది కూడా మోడల్ నంబరుతో తయారీదారు పట్టికలో చూసుకోండి. 2020లో వెస్ట్రన్ డిజిటల్ రెడ్ వరుసలో 2 నుంచి 6 టీబీ డిస్కులు కొన్ని ఎస్‌ఎంఆర్ రకమని బయటపడినప్పుడు, జడ్‌ఎఫ్‌ఎస్ వాడుతూ డిస్కు మార్చినవాళ్లే ఎక్కువ ఇబ్బంది పడ్డారు, ఎందుకంటే అలాంటి డిస్కు ఎడతెగని రాతకు తట్టుకోలేదు.

మళ్లీ: కొత్తపట్నం తీరం, ఒంగోలు

కావలి వారు చెప్పిన గుణాలన్నీ నిజమే. నేను వెనకాడేది ఒక్క కారణంతో: డెబియన్‌లో జడ్‌ఎఫ్‌ఎస్ కెర్నల్‌తో (లినక్స్ మూల భాగంతో) కలిసి రాదు, లైసెన్సుల పొంతన లేనందువల్ల దాన్ని విడిగా తెచ్చి ప్రతి కెర్నల్‌కూ కట్టుకోవాలి. ఉబుంటు 16.04 నుంచి దాన్ని సిద్ధంగా ఇస్తున్నది కాబట్టి అక్కడ ఈ బాధ తక్కువ. చీమకుర్తి వారు ఒక్కరే చూసుకునే సర్వర్‌లో, కెర్నల్ అప్‌డేట్ తర్వాత పొద్దున్నే పూల్ కనబడకపోతే లారీలు యార్డులో నిలబడిపోతాయి. ఆయన ఊళ్లో లేని రోజున మరొకరు ఫోనులో విని సరిచేయగలిగేది ఎండీ, ఈఎక్స్‌టీ4 జోడీ అని నేను అనుకుంటున్నాను. ఫొటోలకు చెక్‌సమ్‌ల జాబితా ఒకటి తయారు చేసుకుని నెలకొకసారి సరిచూసుకుంటే, జడ్‌ఎఫ్‌ఎస్ ఇచ్చే భరోసాలో కొంత భాగం ఇక్కడా దొరుకుతుంది. సరిదిద్దడం మాత్రం బ్యాకప్ నుంచి చేతితో చేసుకోవాలి.

మళ్లీ: గెలాక్సీ యార్డు, చీమకుర్తి

మీ ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. పని పూర్తయింది కాబట్టి ఏం చేశానో రాస్తున్నాను, నాలాంటి వాళ్లకు ఎవరికైనా పనికి రావచ్చు.

ముందుగా మూడో డిస్కు కొనిపించాను. యజమానికి నెల్లూరు వారి అనుభవం చదివి వినిపిస్తే మరు మాట లేకుండా ఒప్పుకున్నారు, ఒకటి కాదు రెండు కొనమన్నారు. వారం విడిచి వారం మార్చుకుంటూ, శనివారం సాయంత్రం కాపీ పూర్తయిన డిస్కును నేను ఇంటికి తీసుకెళ్తున్నాను. నేను ఒక్కడినే చూసుకునే సర్వర్ కాబట్టి ఎండీ దారే ఎంచుకున్నాను. స్లాబు ఫొటోల చెక్‌సమ్ జాబితా కూడా మొదలుపెట్టాను.

పాత డిస్కును తుడిచే ముందు దాని స్మార్ట్ (డిస్కు తన ఆరోగ్యం గురించి రాసుకునే) వివరాలు చూస్తే, 5, 197 నంబర్ల లెక్కలు (పాడైన, అనుమానపు సెక్టార్లవి) సున్నాగానే ఉన్నాయి గానీ 199 నంబరులో సీఆర్‌సీ (తీగ మీద డేటా చెదిరిన) లోపాలు వందల్లో ఉన్నాయి. అంటే సెక్టార్లు చెడలేదు, డిస్కుకూ బోర్డుకూ మధ్య తీగలోనే లోపం. కేబుల్ విప్పి చూస్తే పిన్నుల దగ్గర రాతి పొడి పేరుకుని ఉంది. గత నెల డిస్కు మాయమవడానికి కారణం అదేనని నాకు ఇప్పుడు అనిపిస్తున్నది. కొత్త కేబుల్ వేశాక పది రోజులుగా ఆ లెక్క పెరగలేదు. పెట్టె ముందు ఫ్యాన్‌కు దుమ్ము వడకట్టే జాలీ బిగించి, దాన్ని నెలకు రెండుసార్లు కడగమని ఆఫీసు కుర్రాడికి అప్పగించాను.

జంట నిండడానికి ఎనిమిది గంటల పది నిమిషాలు పట్టింది. ఆ తర్వాత, సర్వర్ ఖాళీగా ఉన్న ఒక సాయంత్రం, ఒక డిస్కును కావాలనే చెడినట్టు ప్రకటించి, స్టిక్కర్ మీది సీరియల్ నంబరు చూసుకుని బయటికి తీశాను. నిమిషం లోపే ఫోనుకు సందేశం వచ్చింది. ఒంటి డిస్కు మీద ఫొటోలు తెరిచి చూశాను, టాలీలో ఒక ఎంట్రీ వేశాను, తర్వాత తీసిన డిస్కును తిరిగి కలిపాను. మళ్లీ ఎనిమిది గంటలు పడుతుందని అనుకున్నాను గానీ, మారిన భాగాల గుర్తులు దాచే బిట్‌మ్యాప్ ఉన్నందువల్ల కొద్ది నిమిషాల్లోనే రెండు యూ అక్షరాలు కనబడ్డాయి. 100 జీబీ దాటిన జంటకు ఎండీఏడీఎం ఆ బిట్‌మ్యాప్‌ను అడగకుండానే పెడుతుందట, నాకు ముందు తెలియదు.

మా యూనిట్‌లో ఆదివారం సర్వర్ ఆపేస్తామన్న మాట నిజమే. నెలవారీ పరీక్షను మొదటి బుధవారం రాత్రికి మార్చాను. ఆ రాత్రి సర్వర్ ఆపవద్దని వాచ్‌మెన్‌కు చెప్పి, స్విచ్ పక్కన కాగితం అంటించాను. యూపీఎస్‌కు యూఎస్‌బీ తీగ కలపడం ఒక్కటే మిగిలింది. మా పాత యూపీఎస్‌కు ఆ సాకెట్టే లేదు, కాబట్టి కొత్తది వచ్చాక నట్ గురించి ఇక్కడే అడుగుతాను.